తెల్లన్నం ముద్ద

గుణుపురం చుట్టుపక్కల రైతుల ఇళ్లలో అందరికంటే ముందు మర బియ్యం వండింది రాజులమ్మే. శ్రీకాకుళం పక్క పల్లె నుంచి కాపురానికొచ్చి, అత్తగారి హయాంలో దంచీ దంచీ అరచేతులు కాయలు కట్టించుకున్న మనిషి. రెండో ప్రపంచ యుద్ధం అయిన కొత్తలో ఊళ్లో ధాన్యం మర పెట్టగానే రోకలిని మూలకు ఆనించేసింది. మల్లెపూవులాంటి ఆ బియ్యం చూసి మురిసిపోయింది. ఎవరైనా మురిసిపోతారు, అందులో తప్పేముంది?

తప్పు ఆ తరవాత మొదలైంది. ఆ బియ్యం అందరికీ కాదు, లేకలేక పుట్టిన మగపిల్లాడు మన్మథరావుకి మాత్రమే. నీళ్లు తేటపడేదాకా కడిగేది. గంజి వంచి పాడిగేదెకు పోసేది. తవుడూ దానికే. కూతురు పుణ్యవతి మాత్రం పాలేళ్లతో పాటు చోడి అంబలి, అదే రాగి జావ, తాగేది. ఆడపిల్ల, ఏది పెడితే అది తింటుందిలే అనుకుంది. ఆ పిల్ల తమ్ముడి కంచం వంక చూస్తూ కూర్చుంటే, "ఏటమ్మి ఆ సూపు? దిష్టి తగులుద్ది, అవతలికెల్లు" అని కసిరేది.

ఒక వానాకాలం మన్మథరావు కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయన్నాడు. కొన్నాళ్లకి పాదాలు ఈడ్చడం మొదలుపెట్టాడు. దిష్టే తగిలిందని తల్లి ఎర్రనీళ్లు తీసింది. జబ్బు మనిషికి పథ్యం పెట్టడం ఆ ఇంటి ఆచారం. పప్పు మాన్పించింది, ఆకుకూర మాన్పించింది, ఉత్త తెల్లన్నం చారునీళ్లతో పెట్టింది. పిల్లాడు నీరసించేకొద్దీ ఇంకా మెత్తగా వండింది. ఒళ్లు వాచి ఊపిరి అందకపోయాక బొగ్గుతో నడిచే బస్సులో రాయగడ తీసుకెళ్లారు.

అక్కడి డాక్టరు సూది మందు వేసి, ఆమెను బయటికి పిలిచి, ఏం పెడుతున్నావని అడిగాడు. చెప్పింది. కాస్త గొప్పగానే చెప్పింది.

"మరి గంజి, తవుడు?"

"గేదికెడతాం బాబూ."

"ఇది బెరిబెరి అమ్మా. బియ్యం పైపొరలో విటమిన్ ఉంటుంది. మర దాన్ని గీకేసింది, మిగిలిన కాస్తా కడుగునీళ్లలో, గంజిలో పోయింది. నీ కొడుకు కాళ్ల సత్తువంతా గేదె తినేసింది."

ప్రాణం దక్కింది. ఎడమ పాదం మాత్రం మళ్లీ సరిగా లేవలేదు. ఇంటికొచ్చి రాజులమ్మ అందరికీ దిష్టేనని చెప్పింది. తవుడు జల్లించి, బెల్లంతో ఉండలు చేసి, పట్నం మందని కొడుక్కి తినిపించింది. రోకలి మళ్లీ పట్టుకుంది, ఇంకెవరినీ ముట్టుకోనివ్వలేదు. కొడుకు దమ్ము మడి బురదలో దిగలేక గట్టు మీద కూర్చున్నప్పుడల్లా ఆ పూట ఆమె కంచం ముందు నుంచి లేచిపోయేది. "మా యమ్మ నన్ను తెల్లన్నంతో పెంచింది" అని వాడు పదిమందిలో గొప్ప చెప్పుకుంటుంటే మరీ నరకం.

ఏళ్లు గడిచి మన్మథరావు తండ్రయ్యాడు. పురుడు నాటి భోజనాలకని మర బియ్యం బస్తా తెచ్చాడు. "నా ఆడదానికీ ఇదే ఎట్టమ్మా. పాలివ్వాల కదా. నాకెట్టినట్టే ఎట్టు" అన్నాడు. రాజులమ్మ తలూపింది. చెప్పాలి, ఇప్పుడే చెప్పాలి అనుకుంటూనే ఎసరు పెట్టింది.

పంక్తిలో పుణ్యవతి కూర్చుంది. ముగ్గురు బిడ్డల తల్లైనా ఇప్పటికీ ఊడ్పుల్లో ఆమెను అందుకోగలవాళ్లు లేరు. నవ్వుతూ విస్తరి ముందుకు జరిపింది.

"ఇయ్యాలైనా నీ సేత్తో తెల్లన్నం ఎట్టమ్మా. సిన్నప్పుడు తమ్ముడికే గానీ నాకొక్క ముద్దెట్టనేదు."

రాజులమ్మ గరిట అన్నం గిన్నెలో వదిలేసింది.

"ఎట్టనేదు గనకే నువ్వు నడస్తన్నావమ్మి" అంది. "ఆడికెట్టేను. ఆ కాలు దిష్టికి పోనేదు, నా సేతికూటికి పోయింది. డాక్టరు అప్పుడే సెప్పేడు. నేనే దాసేను."

 మన్మథరావు చాపుకున్న కాలిని చేత్తో దగ్గరికి లాక్కున్నాడు. తిట్ల కోసం తల వంచుకుని నిలబడింది తల్లి.

"అయితే బాలింతకి ఇది ఎట్టకు" అన్నాడు. "దంపుడు బియ్యమే వండమ్మా. గంజి వంచకు."

రాజులమ్మ పెరట్లోకెళ్లి రోకలి అందుకుంది. వాడు ఒక్క మాట తిట్టి ఉంటే ఆమె ప్రాణానికి కాస్త తేలికగా ఉండేది.