అరంగుళం మామ కుట్టిన పక్క

ఆ వీధి దర్జీని అందరూ అరంగుళం మామ అనేవారు. చొక్కా చేతులు అరంగుళం పొట్టిగా వచ్చాయనిపిస్తే చాలు, ఎవరూ అడగకముందే కుట్లు విప్పేసి మళ్లీ కుట్టిచ్చేవాడు. అంత చాదస్తం. నవ్వుకునేవాళ్లు నవ్వుకునేవారు, బట్టలు మాత్రం ఆయనకే ఇచ్చేవారు.

ఆయన తొలి కొడుకు మూడో నెలలో నిద్రలోనే పోయాడు. తెల్లారి చూసేసరికి బోర్లా ఉన్నాడు. ఆ తర్వాత ఆయన నోట వాడి ఊసే రాలేదు. ఆరేళ్లకు కూతురు పుట్టింది. మామ మూడు రోజులు దుకాణం మూసి పిల్లకో పక్క కుట్టాడు. అటో దిండు, ఇటో దిండు, రెండూ పరుపుకే బిగించి, మధ్యలో పిల్ల సరిగ్గా పట్టేంత చోటు. పొద్దస్తమానం అందులోనే వెల్లకిలా ఉండేది. పిల్ల ఒళ్లు చేస్తే టేపుతో కొలిచి, కుట్లు విప్పి, మళ్లీ బిగించేవాడు. పాపం, పక్కకు ఒరిగే వీలు కూడా లేనంత చక్కగా కుట్టాడు.

నాలుగు నెలలు నిండాక టీకా కోసం తీసుకెళ్లారు. నర్సు ఎత్తుకోగానే పిల్ల మెడ వాలిపోయింది. తల వెనకభాగం పలకలా చదునుగా ఉంది.

"బోర్లా వేయట్లేదా?" అని అడిగింది నర్సు.

"వేసేది లేదు," అన్నాడు మామ.

తొలివాడికి జరిగిందంతా భార్యే చెప్పింది. నర్సు కుర్చీ దగ్గరకు లాక్కుంది.

"నిద్రపుచ్చేటప్పుడు వెల్లకిలానే పడుకోబెట్టన్నా, అందులో నీ తప్పేం లేదు. కానీ ఆ దిండ్లు తీసెయ్, ఒట్టి పరుపు చాలు. మెలకువగా ఉన్నప్పుడు మాత్రం రోజూ నాలుగైదుసార్లు బోర్లా వేయాలి. ముందు ఒకట్రెండు నిమిషాలు చాలు. ఎదురుగా నువ్వే కూర్చో, చూపు తిప్పకు. మెడా భుజాలూ గట్టిపడాలి కదా. రెండు వారాల్లో తల ఎత్తకపోతే పెద్ద డాక్టరుకి చూపించాల్సిందే."

ఇంటికొచ్చి మామ కత్తెర తీశాడు. ఎన్ని వేల కుట్లు విప్పిన చేతులో, ఆ రోజు మొదటి కుట్టు దగ్గరే ఆగిపోయాయి.

"నేను విప్పనా?" అంది భార్య.

"వద్దు. కుట్టింది నేనే."

నేల మీద దుప్పటి పరిచి, పిల్లను బోర్లా వేసి, ఎదురుగా తనూ బోర్లా పడుకున్నాడు. ముఖం దుప్పటికి తగలగానే పిల్ల కేరుమంది. ఆయన పిల్లను లాగేసుకోబోయాడు.

"ఆగండి. ఏడుస్తోందంటే ఊపిరాడుతోందనేగా," అంది భార్య.

తొలివాడు ఏడవలేదు. ఏడ్చి ఉంటే మామ నిద్ర లేచేవాడే. ఆరేళ్లుగా ఆయన్ను తినేస్తున్నది అదొక్కటే.

రోజూ మిషను ఆపి, లేచి, నేల మీద పడుకునేవాడు. పదో రోజు దాటినా పిల్ల తల ఎత్తలేదు. నర్సు చెప్పిన రెండు వారాలకు ఇంకెన్ని రోజులున్నాయో వేళ్ల మీద లెక్కపెట్టుకునేవాడు.

పన్నెండో రోజు పొద్దున మెడలోని టేపు తీసి పిల్ల ముందు ఆడించాడు. పిల్ల వణుకుతూ తల ఎత్తింది. టేపును చూసింది, ఆ పైన తండ్రిని చూసింది. వెంటనే చెంప దుప్పటికి ఆనించేసింది.

"ఎత్తిందా?" వంటింట్లోంచి అడిగింది భార్య.

"ఎత్తింది. అరంగుళం." టేపు మళ్లీ మెడలో వేసుకున్నాడు. "వాళ్లన్న ఉంటే చూసేవాడే."

ఆమె పొయ్యి ఆపేసి వచ్చి, ఆయన పక్కనే నేల మీద కూర్చుంది.