రెండో వయొలిన్‌లో ఒక అపస్వరం

మా సార్ పోయారన్న కబురు జిండెల్ఫింగెన్ వెళ్ళే ఎస్-బాన్ రైల్లో తెలిసింది. పాత ఆఫీసులో నాతో పనిచేసినావిడ మెయిల్ పంపింది. నిన్న సాయంత్రం, నిద్రలోనే, అని రెండు ముక్కలు. ఏడుపు రాలేదు. ఇక చెప్పుకోవడానికి మనిషి లేడన్న మాటే మనసులో తిరిగింది. దుఃఖం కన్నా ముందు ఈ ఆలోచన వచ్చినందుకు నా మీద నాకే రోత పుట్టింది.

సార్ అంటే కాలేజీలో పాఠం చెప్పినాయన కాదు. స్టుట్‌గార్ట్‌లో మాస్టర్స్ చేస్తూ నేను వారానికి పది గంటలు పనిచేసిన చిన్న ఆఫీసుకు ఆయన పెద్ద. ఎదురుగా ‘హెర్ డాక్టర్’ అనేదాన్ని, ఇంట్లో మాత్రం ‘మా సార్’. పాటలతో నడిచే పాత నాటకాలు, అంటే ఒపెరాలు, మూడొందల ఏళ్ళ నాటి బరోక్ కాలపు రాజుల కథలూ జనాన్ని నవ్వించే కామెడీలూ, రాతప్రతుల్లో పడి ఉంటాయి. వాటి స్వరాలను సరిచూసి, పాడేవాళ్ళూ వాయించేవాళ్ళూ నమ్మదగిన పుస్తకంగా అచ్చువేయడం అక్కడి పని. వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించడం నా పని.

ఇంటర్వ్యూలో “మా స్వరలిపి చదవడం వచ్చా?” అని అడిగారు. వరంగల్‌లో చిన్నప్పుడు నాలుగేళ్ళు వీణ నేర్చుకున్నాను గానీ ఇది రాదన్నాను. “మంచిది. వచ్చినవాళ్ళు తమకు తెలిసింది రాస్తారు. రానివాళ్ళు కనిపించింది రాస్తారు” అన్నారు. అంతే, మర్నాటి నుంచి రమ్మన్నారు.

ఆయన గదిలో పెన్ను కనపడకూడదు, అన్నీ పెన్సిళ్ళే. చాకుతో చెక్కి, పొట్టును ఒక పాత టీ డబ్బాలో వేసేవారు. గురువారం గురువారం బ్రెత్సెల్ రొట్టె తెచ్చి సరిగ్గా సగానికి విరిచి, పెద్ద ముక్క నాకిచ్చి, రెండూ సమానమేనని వాదించేవారు. నా కాంట్రాక్ట్ అయిపోతే యూనివర్సిటీకి తనే ఉత్తరాలు రాసి పొడిగించారు. ఈ దేశంలో నాకు టెర్మిన్, అంటే ముందస్తు అపాయింట్‌మెంట్, అక్కర్లేకుండా తలుపు తీసిన మనిషి ఆయనొక్కరే.

అచ్చుకు పంపేముందు ఇద్దరం ఎదురెదురుగా కూర్చునేవాళ్ళం. ఒకరు రాతప్రతిని పైకి చదవాలి. ప్రతి స్వరం, ప్రతి చుక్క, చివరికి నిశ్శబ్దం కూడా చదవాలి. రెండోవాళ్ళు అచ్చుప్రతి మీద పెన్సిల్ జరుపుతూ సరిచూడాలి. నేను కాస్త రాగం తీస్తే “పాడకండి, చదవండి” అనేవారు. పుస్తకం చివర ఒక పట్టిక ఉంటుంది, రాతప్రతిలో ఉన్నదాన్ని ఎక్కడ ఏం మార్చామో ఒప్పుకునే పట్టిక. దాని గురించి ఆయన మాట ఒకటే: “మార్చడం తప్పు కాదు. మార్చి చెప్పకపోవడం దొంగతనం.”

మూడో ఏటికి నాకు స్వరలిపి బాగా వచ్చేసింది. అదే కొంప ముంచింది. ఒక కామెడీలో నౌకరు సంగీతం మాస్టారి వేషం వేసుకుని వస్తాడు. అక్కడ రెండో వయొలిన్‌లో ఒక స్వరం అరమెట్టు కింద ఉంది, చెవికి ఎబ్బెట్టుగా. ఉన్నది ఒక్కటే రాతప్రతి. నకలు రాసినవాడి పొరపాటనుకుని సరిచేశాను. పట్టికలో తర్వాత రాద్దామనుకున్నాను. థీసిస్ గొడవలో మరిచాను. పైకి చదివే రోజు రాతప్రతి నా చేతిలోనే ఉంది. కన్ను అపస్వరాన్ని చూస్తూనే ఉంది, నోరు మాత్రం నేను దిద్దిన స్వరాన్నే చదివింది. సార్ అచ్చుప్రతిలో చూసుకుని పెన్సిల్ ముందుకు జరిపారు.

ఆ పుస్తకంతో ఒక థియేటర్‌లో నాటకం వేసినప్పుడు నన్నూ తీసుకెళ్ళారు. ఆ ఘట్టం రాగానే నా వైపు వంగి “ఇప్పుడు నవ్వుతారు చూడండి” అన్నారు. ఎవరూ నవ్వలేదు. దొంగ మాస్టారి బండారం బయటపెట్టడానికి స్వరకర్త కావాలని పెట్టిన అపస్వరం అది. మర్నాడు ఆయన రాతప్రతి తీసి చూశారు. “మీరు సరిగ్గానే చదివి ఉంటారు. అచ్చులో నేనే చూసుకోలేదు. ఇక నా కళ్ళను నమ్మలేం” అన్నారు. అంతకు ముందు ఏడాదే శుక్లాల ఆపరేషన్ అయింది ఆయనకు.

నేను నోరు విప్పలేదు. ఉద్యోగానికి ఆయన సిఫారసు ఉత్తరం రావాల్సి ఉంది. అప్పటికింకా క్లాస్‌మేటే అయిన మా ఆయన “లెటర్ చేతికి రానియ్యి. తర్వాత తాపీగ చెప్పొచ్చు” అన్నాడు. లెటర్ వచ్చింది. ‘ఈమె కాగితం మీద ఉన్నదే చదువుతుంది’ అని రాశారు అందులో. ఆ నెలే ఏళ్ళ తరబడి తయారుచేస్తున్న తర్వాతి సంపుటాన్ని వేరేవాళ్ళకు అప్పగించి ఆఫీసు మానేశారు. ‘తర్వాత’ అనుకుంటూ నేను రెండేళ్ళు గడిపాను.

అంత్యక్రియలకు వెళ్ళి గుంపులో వెనక నిలబడి వచ్చేశాను. ఇంటికొచ్చి ఆఫీసుకు రాశాను, ఆ తప్పు నాదని, నా పేరుతోనే సవరణ వేయమని. ఆయన భార్యకు కూడా చెప్పాలంటే మా ఆయన ఒప్పుకోలేదు.

“ఇప్పుడు పోయి చెప్తే ఏమొస్తది? పెద్దామెను ఇంకింత బాధపెట్టుడు తప్ప.”

“చెప్పకుంటే ఆమె గూడ అదే నమ్ముకుంట ఉంటది గదా” అన్నాను.

పోయిన శనివారం ఆవిడతో కలిసి సమాధి దగ్గరికి వెళ్ళాను. ఆవిడ కొళాయి దగ్గర డబ్బా నింపుకుని కొత్త మొక్కలకు నీళ్ళు పోస్తున్నారు. మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. ఆవిడ పోయడం ఆపారు.

“అయితే ఆయనకు కనిపిస్తూనే ఉంది” అన్నారు. “రెండేళ్ళు పేపర్ నేనే చదివి వినిపించాను. కళ్ళద్దాలు ఇస్తే పక్కన పెట్టేసేవారు.”

క్షమించమన్నాను. ఆవిడ డబ్బా కింద పెట్టి, మెల్లగా మోకాళ్ళ మీద కూర్చుని, పక్క గదిలో ఉన్న మనిషితో మాట్లాడినట్టు మట్టితో అన్నారు: “విన్నావా? నీ కళ్ళకేం కాలేదట.”

లేవడం ఆవిడకు కష్టమైంది. నేను చెయ్యి అందించాను. ఆవిడ దాన్ని చూశారు, చూసి, తడి మట్టిలో అరచేయి ఆనించుకుని తనే లేచారు.