ట్యాంకర్ ఎక్కిన హంస

మదనపల్లెలో నీళ్ల ట్యాంకర్ నడిపే అంజినప్ప కోసం ఎదురుచూసేవాళ్లకు కొదవలేదు, ప్రేమగా పలకరించేవాళ్లకే కరువు. తెల్లారితే చాలు, జనం వీధి మొదట్లో నిలబడి కొత్త అల్లుడి కోసం చూసినట్టు చూస్తారు. తీరా ట్రాక్టరు ఆగాక దొంగ దొరికినట్టు చుట్టుముడతారు. "లైన్లో రాండి! మనిషికి రెండు బిందెలే!" అని అరిచి అరిచి ఆ మాట అతని నోటికి అతుక్కుపోయింది. బంధువుల పెళ్లిలో వడ్డనకు నిలబడి "లైన్లో రాండి! మనిషికి రెండు లడ్లే!" అని కేకవేసి పెళ్లివారి చేత చివాట్లు తిన్నాడు.

అందరిలోకీ గుట్ట కింద వీధి మునెమ్మది పెద్ద నోరు. మూడో బిందె కోసం రోజూ పోట్లాడేది. "నీ ట్యాంకరుకు తూట్లు పడ! ఇంగొగ బిందె పోస్తే నీ సొమ్మేం పోతాదప్పా?" అనేది. ఆమె తప్పూ లేదు, ఇంటినిండా మనుషులు. ఆ సంగతి తెలిసీ పోయలేక అంజినప్ప మొహం తిప్పుకునేవాడు. ఆ పూట అన్నం కూడా సయించేది కాదు. నీళ్ల దగ్గర మనిషి నవ్వితే ఎట్లా ఉంటుందో చచ్చేలోగా ఒక్కసారి చూడాలన్నది అతని కోరిక. నవ్వకండి, మనిషికో పిచ్చి.

అట్లాంటి రోజుల్లోనే కొండల నడుమ ఉన్న చెరువులూ రిజర్వాయర్లూ చూసి, మంచిదొకటి ఎంచి, బోటు షికారు పెట్టాలని పైనుంచి ఆర్డరు వచ్చింది. ఎంచే పని మురళీధర్ అనే ఆఫీసరు మీద పడింది. ఏ చెరువో తేలకముందే కాళ్లతో తొక్కే హంస బోటు మాత్రం దిగిపోయింది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం!

ఆ బోటును మోయడానికి వేరే బండి దొరక్క అంజినప్పను పిలిపించి, ట్యాంకర్ నెత్తిన హంసను తాళ్లతో కట్టించారు. "ఇదే మేలు. చెరువులో నీళ్లు తక్కువైతే పోసుకోవచ్చు" అన్నాడు మురళీధర్. నవ్వులాటకు కాదు, నిజంగానే అన్నాడు. "చెరువు కుదిరిందంటే బోటు నడిపేది నువ్వే అంజినప్పా" అని కూడా అన్నాడు. ఆ మాటతో అంజినప్ప కాళ్లు నేల మీద నిలవలేదు.

మొదట కుప్పం పోయారు. కట్ట తెగేంత నీళ్లున్న చెరువు. మురళీధర్ మురిసిపోతుండగానే, ట్యాంకర్‌ను చూసిన ఊరు ఊరంతా బిందెలతో వచ్చి వరసకట్టింది.

"చెరువు నిండా నీళ్లుండాయి గదమ్మా?" అన్నాడు అంజినప్ప బిత్తరపోయి.

"అవి చెరువు నీళ్లు. నువ్వు తెచ్చినేవి ట్యాంకర్ నీళ్లు గదప్పా" అంది ఒకామె.

చెరువు నిండి నీళ్లు పొర్లి మొరవ పోయినప్పుడు గంగమ్మకు పొట్టేలును కొట్టడం ఆ ఊరి ఆనవాయితీ. ఆ పొట్టేలు చెవి ఎవరు పట్టుకోవాలన్న దాని మీద రెండు ఇళ్లకు తాతల నాటి తగాదా. అది తీరి పూజ జరిగేదాకా నీళ్లలో ఏదీ దించకూడదట. "బోటు వచ్చిందని రాజీ పడరా?" అని మురళీధర్ అడిగితే, "పడరు సార్. బోటు ముందర ఎవురెక్కల్ల అని ఇంగొగ తగాదా లేస్తాది" అన్నాడు ఊరి పెద్ద.

వెనక్కి వస్తుంటే పెద్దపంజాణి దగ్గర కిందికి వేలాడిన తీగ తగిలి హంస మెడ పుటుక్కున విరిగింది. పుంగనూరులో బీరువాలు చేసే అలావుద్దీన్ దగ్గరికి తీసుకుపోయారు. "ఫికర్ నక్కో అంజినప్పా" అని ధైర్యం చెప్పి, అతను ఒక లావు పైపు తెచ్చి, నిలువుగా దిగ్గొట్టి, పైన తల బిగించాడు. హంస ఒంటె అయింది.

"ఇది హంసేనా?" అన్నాడు మురళీధర్.

"నీళ్లలో వదలండి సార్, దానికే తెలుస్తాది" అన్నాడు అలావుద్దీన్.

పుంగనూరు అవతల చూసిన చెరువులో నీళ్లకు బదులు టమాట తోట ఉంది. లోతు చూద్దామని మురళీధర్ గుచ్చిన కర్ర ఒక పండులో దిగింది. తోట మనిషి పరిగెత్తుకొచ్చాడు. "బోటు ఆ పక్క పెట్టుకోండి సార్, ఈ పక్క ఇంగా కాయ కోయల్ల" అన్నాడు. అంజినప్పకు దిగులు పట్టుకుంది. తన రాతలో బోటు లేదనుకున్నాడు.

చివరికి మదనపల్లెకు అవతల, కొండల మధ్య ఒక చిన్న రిజర్వాయరు కుదిరింది. నీళ్లున్నాయి, పొట్టేలు గొడవ లేదు, టమాటా లేదు. వేసుకుంటే నీళ్లలో తేలే లైఫ్ జాకెట్లే రాలేదు. "మా పక్క పిల్లోళ్లు బావిలో ఈత నేర్చేది కాళీ బిందె పట్టుకోనే సార్. మనిషికొక బిందె ఇస్తే సాలు" అన్నాడు అంజినప్ప. మురళీధర్ సరేనని, తన వంతుది ముందే బోటులో పెట్టించుకున్నాడు. ఆ ఒంటె మెడనూ ఆ బిందెలనూ చూశాక చుట్టుపక్కల వాళ్లు ఒక్కరూ ఎక్కలేదు. ఎక్కేవాళ్లు లేకపోతే బోటు వెనక్కి పంపేస్తానన్నాడు మురళీధర్.

అంజినప్పకు మునెమ్మ గుర్తొచ్చింది. ట్రాక్టరు వేసుకుని నేరుగా గుట్ట కింద వీధికి పోయాడు. ట్యాంకర్ కనబడగానే మునెమ్మ బిందె పట్టుకుని ఎదురొచ్చింది. రమ్మంటే ఎక్కి కూర్చుంది. సగం దారిలో గానీ "యాడికప్పా?" అని అడగలేదు.

గట్టు మీద మురళీధర్ "మొదట మీరు పోయి రండి" అని నిలబడిపోయాడు. ఇద్దరూ తొక్కుతుంటే హంస నడిమధ్యకు చేరింది. అంజినప్ప కన్నార్పకుండా ఆమె మొహమే చూస్తున్నాడు. మునెమ్మ నవ్వలేదు. వంగి, ఒళ్లోని బిందెను నీళ్లలో ముంచింది.

"అయ్యో మునెమ్మా! అది తేలేదానికి! నిండితే మునిగిపోతావు!"

"మునిగితే మునుగుతా. ఇన్ని నీళ్లు పెట్టుకోని కాళీ బిందెతో ఇంటికి పోతానా?" అని అతని బిందె కూడా లాక్కుని నింపింది. తరవాత ఆఫీసరు కోసం పెట్టిన మూడో బిందె మీద చెయ్యి వేసింది.

అంజినప్ప నోరు ఆగలేదు. "రెండే! మనిషికి రెండు బిందెలే!"

మునెమ్మ చెయ్యి ఆగింది. అతన్ని చూసింది. ఎడమపక్క చూసింది, కుడిపక్క చూసింది, వెనక్కి తిరిగి కొండల మొదళ్ల దాకా ఉన్న నీళ్లను చూసింది. చూసి, పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. బోటు ఊగేలా, కళ్లవెంట నీళ్లు కారేలా నవ్వింది. గట్టు మీద మురళీధర్ బోటు మునుగుతోందని కేకలు వేస్తున్నాడు.

 అంజినప్ప ఆ మూడో బిందెను తీసుకున్నాడు. తానే అంచుల దాకా ముంచి, ఆమె ఒళ్లో పెట్టాడు.