మిషన్ నూనె

మా పిన్ని ఇంట్లో కిర్రుమనే తలుపు ఒక్కటి కూడా ఉండేది కాదు. బందులు, గడియలు, కిటికీ కొక్కేలు, కత్తెర, గొడుగు పుల్లలు, ఆఖరికి పక్కింటివాళ్ల గేటు కూడా, వాళ్లు అడక్కపోయినా, ఆమె చేతి నూనె తాగినవే. కుట్టు మిషను మీద బతికే మనిషి. పొడుగు ముక్కు ఉన్న చిన్న నూనె డబ్బా ఎప్పుడూ మిషను పక్కనే ఉండేది. "వాటికి నోరుందా అడగడానికి? మనమే చూసి పెట్టాలి," అనేది.

పిన్ని కుట్టేది బట్టలు కాదు, కార్ల సీట్లు, మోటారు సైకిళ్ల సీట్లు, సోఫా కవర్లు. బడి మానేశాక నేను ఆమె దగ్గర చేరాను. పాత కుట్లు విప్పడం, స్పాంజి అతికించడం, రెక్సిను గట్టిగా లాగి పట్టుకోవడం నా పని. ఆమె మాట్లాడుతూ ఉండేది, నేను వింటూ ఉండేదాన్ని. మా ఇద్దరికీ అది బాగా కుదిరింది.

బాబాయి బడి వ్యాను నడిపేవాడు. ఒకరోజు ఊరి బయట రాతి క్వారీ షెడ్డులో ఏళ్ల తరబడి తుప్పు పట్టి పడున్న మోటారు సైకిలు ఒకటి ట్రాలీ మీద వేయించుకుని తెచ్చాడు. రోడ్డు మీద తిరగడానికి చేసిన బండి కాదది. రాళ్లూ గుట్టలూ బురదా తొక్కడానికి చేసింది. సీటు నా నడుము కంటే ఎత్తు. ముందు మడ్‌గార్డు ఆకాశం వైపు చూస్తోంది.

పిన్ని గుమ్మంలో నిలబడి దాన్ని పైనుంచి కిందదాకా చూసింది. "ఇది బండా, ఒంటా? ఎక్కడానికి నిచ్చెన కూడా వాళ్లే ఇచ్చారా?"

"ఒంటే అనుకో. నీళ్లు లేకపోయినా నడుస్తుంది," అన్నాడు బాబాయి.

"పెట్రోలు లేకపోయినా నడిస్తే అప్పుడు చెప్పు."

ఆ రోజు నుంచి అది మా ఇంట్లో ఒంటే.

వ్యాను పని అయిపోగానే బాబాయి వెనక వరండాలో చేరేవాడు. ఒక్కో భాగం విప్పి పాత దుప్పటి మీద వరసగా పేర్చేవాడు. చైనును కిరసనాయిలులో నానబెట్టాడు. ట్యాంకులో గుప్పెడు నట్లు పోసి, తుప్పు రాలేదాకా పసిపిల్లాణ్ని ఊపినట్టు ఊపాడు. కార్బొరేటరులో వెంట్రుక పట్టేంత రంధ్రాలుంటే వాటిని సన్నటి తీగతో పొడిచి ఊదాడు. ముందు చక్రాన్ని పట్టుకునే రెండు గొట్టాలను ఫోర్కులంటారు. వాటి లోపల నూనె ఉంటుంది, అది బయటికి రాకుండా పైన రబ్బరు సీళ్లుంటాయి. పాతవి చిట్లిపోతే బాబాయి కొత్త సీళ్లు తనే కూర్చాడు. అవి వంకర పోకుండా లోపలికి దిగిన రోజు ఇంట్లో అందరినీ పిలిచి చూపించాడు. మాకు కనిపించింది నల్లటి రబ్బరు అంచు మాత్రమే. అయినా "అబ్బో" అన్నాం.

సీటు మాత్రం పిన్నికి అప్పజెప్పాడు. "ఇది నీది, మిగతాది నాది. నీ నూనె చెయ్యి నా బండి మీద పడిందో, ఊరుకోను."

"నీ బండిని ముట్టుకుంటే నా చేతులే మాసిపోతాయి, పో," అంది పిన్ని.

నవ్వుతూనే అనుకున్నారిద్దరూ.

బండి తయారైంది. ఆ రోజు సాయంత్రం బాబాయి సందులో అటూ ఇటూ నడిపి చూశాడు. ముందు బ్రేకు రెండు వేళ్లతో నొక్కితే చాలు, చక్రం పాతినట్టు ఆగింది. మర్నాడు ఉదయం బండిని నీళ్లతో కడిగి, ముందు చక్రానికున్న బ్రేకు డిస్కును ఉప్పుకాగితంతో రుద్ది, వ్యాను తీసుకుని వెళ్లిపోయాడు. మధ్యాహ్నానికి ఆ డిస్కు మీద పల్చగా ఎర్రటి పొర తేలింది. వరండాలో చీపురు పడుతున్న పిన్ని అది చూసింది. ఇంత కష్టపడి మెరిపించిన ఇనుము మళ్లీ తుప్పు పడుతోందే అని ఆమె ప్రాణం గిలగిల్లాడింది. గుడ్డ ముక్క తీసుకుని, మిషన్ నూనె నాలుగు చుక్కలు వేసి, రెండు వైపులా అద్దంలా మెరిసేదాకా తుడిచింది. డిస్కును పట్టుకునే ప్యాడ్లకు నూనె తగిలితే బ్రేకు జారిపోతుందని ఆమెకు తెలియదు. ఆమెకు తెలిసిన లోకంలో నూనె చెడు చేసిన వస్తువు ఒక్కటీ లేదు. ఆ సమయంలో నేను ముందు గదిలో ఉన్నాను. ఇదంతా పిన్ని తర్వాత నాతో చెప్పిందే.

ఆ సాయంత్రం చిన్నబాబాయి వచ్చాడు. ఆయన బాబాయి తమ్ముడు, ఇళ్లకు రంగులు వేస్తాడు. బండి వచ్చిన రోజు నుంచి మొదటి సవారీ తనకే కావాలని అన్నయ్య వెంట పడుతున్నాడు.

"నిన్న నేను చూశాను, అన్నీ బాగున్నాయి. తీసుకెళ్లు," అన్నాడు బాబాయి.

"నువ్వు చూశాక నేను మళ్లీ చూడాలా అన్నయ్యా? నీ చెయ్యి పడితే చాలదూ!"

ఇంటి వెనక మట్టి బాట కిందికి దిగి, ఎండిపోయిన వాగు దగ్గర మలుపు తిరుగుతుంది. బండి దిగుతున్న శబ్దం వినిపించింది. తర్వాత ఒక్క కేక. బాబాయి చెప్పుల్లేకుండా పరిగెత్తాడు. చిన్నబాబాయి వాగులో రాళ్ల మీద పక్కకు ఒరిగి ఉన్నాడు. కుడి భుజం ఎముక విరిగింది. రంగులు వేసే చెయ్యి.

ఆసుపత్రిలో కట్టు కట్టాక, నొప్పితోనో కోపంతోనో చిన్నబాబాయి నోటికొచ్చిన మాటలన్నాడు. "నొక్కాను అన్నయ్యా, నొక్కుతూనే ఉన్నాను. వెన్నలో వేలు పెట్టినట్టు జారిపోయింది. బండికి బ్రేకు లేదు, చేసినవాడికి బుద్ధి లేదు. నీ వ్యాను ఎక్కే పిల్లల్ని ఆ దేవుడే కాపాడుతున్నాడు."

బాబాయి తమ్ముడి కట్టు కట్టిన చెయ్యి కింద దిండు సరిచేసి బయటికొచ్చేశాడు.

మర్నాడు బండిని వరండాలోకి తెచ్చుకున్నాడు. డిస్కు మీద వేలు పెట్టి చూశాడు. జిడ్డు. ప్యాడ్లు ఊడదీశాడు. వాటికీ జిడ్డే. "సీలు కారింది. ఫోర్కులోంచి నూనె కారి డిస్కు మీద పడింది. నేను వేసిన సీలే," అన్నాడు.

పిన్ని గుమ్మంలోనే ఉంది. నేను ఆమె వెనక ఉన్నాను. ఆమె చెయ్యి తలుపు రెక్క మీద నుంచి జారింది. లోపలికి వచ్చి మిషను ముందు కూర్చుంది గానీ సూదిలో దారం ఎక్కించలేకపోయింది. ఒంట్లో బాగాలేదేమో అనుకుని నేనే ఎక్కించి ఇచ్చాను.

అప్పుడే చెప్పేయాల్సిందని తర్వాత నాతో అంది. కానీ ఆ రోజు ఇంటి నిండా జనం. పరామర్శించడానికి వచ్చినవాళ్లు, బండి చూడ్డానికి వచ్చినవాళ్లు, ఇలాంటి బండ్లు ఇంట్లో బాగుచేసుకోవడమేమిటని సలహా చెప్పడానికి వచ్చినవాళ్లు. వాళ్ల ముందు నోరు పెగల్లేదు. మర్నాడు చెబుదామనుకుంటే, నిన్న ఎందుకు చెప్పలేదన్న ప్రశ్న కూడా మీద పడింది. అలా రోజు గడిచేకొద్దీ మాట బరువెక్కింది. తేలు కుట్టిన దొంగలా ఇల్లంతా తిరిగేది. బాబాయికి ఎదురుపడితే పక్క గదిలోకి తప్పుకునేది. మిషనుకు నూనె పెట్టడం మానేసింది. తొక్కుతుంటే అది కీచుమనేది. ఆమె ఇంట్లో అలాంటి చప్పుడు నేను వినడం అదే మొదలు. నేను డబ్బా అందించబోతే, "అక్కడ పెట్టు," అంది, నా మొహం చూడకుండా.

అక్కడ వరండాలో బాబాయి లేని తప్పు కోసం వెతుకుతున్నాడు. ఫోర్కు విప్పాడు. సీలు బాగానే ఉంది. అయినా తీసేసి ఇంకోటి వేశాడు. గొట్టానికి తెల్లటి గుడ్డ చుట్టి, హ్యాండిలు పట్టుకుని తన బరువంతా వేసి పైకీ కిందికీ నొక్కాడు. గుడ్డ తెల్లగానే ఉంది. రాత్రంతా అలాగే వదిలి పొద్దున చూశాడు. తెల్లగానే ఉంది.

"కారితే ఎక్కడ కారుతోందో కనిపించాలి కదే," అన్నాడు నాతో. "కారని సీలును ఏం బాగుచెయ్యను? తప్పు దొరికితే దిద్దుకోవచ్చు. దొరక్కపోతే ఎలా?"

నేను గుడ్డ మడత పెట్టి ఇచ్చాను.

ఆ అనుమానం వ్యాను దాకా పాకింది. బయల్దేరే ముందు చక్రాల కింద దూరి చూసేవాడు. కొంత దూరం వెళ్లి ఆపి మళ్లీ చూసేవాడు. పిల్లలు బడికి ఆలస్యమవుతున్నారని తల్లిదండ్రులు ఫోన్లు చేసేవాళ్లు. పెళ్లి ఊరేగింపులో కూడా ఇంతకంటే వేగంగా వెళ్తారని ఒకాయన ఎగతాళి చేశాడట. బాబాయి అదేం పట్టించుకోలేదు. చిన్నబాబాయి అన్న మాటే ఆయన చెవుల్లో తిరుగుతోంది.

ఆదివారం ఉదయం ఆయన ముందు గదిలోకి వచ్చి నిలబడ్డాడు. పిన్ని ఒక కారు సీటు కుడుతోంది.

"రేపు వ్యాను తాళాలు బడిలో ఇచ్చేస్తాను," అన్నాడు. "వేరే మనిషిని చూసుకోమంటాను."

మిషను ఆగింది. "ఎందుకు?"

"ఎందుకేమిటి? సొంత తమ్ముడెక్కిన బండికే బ్రేకు సరిగ్గా పెట్టలేనివాణ్ని, ఊరి పిల్లల్ని ఎక్కించుకుని తిప్పనా? నా చేతుల మీద నాకే నమ్మకం పోయింది."

పిన్ని లేచింది. ఒళ్లోని రెక్సిను ముక్క జారి కింద పడింది.

"నీ సీలు కారలేదు. నూనె నేను పూశాను," అంది.

బాబాయికి అర్థం కాలేదు. "ఏం పూశావ్?"

"మిషన్ నూనె. ఆ గుండ్రటి రేకుకి. ఎర్రగా తుప్పు తేలితే చూడలేక తుడిచాను. పాడవుతుందని నాకు తెలీదు. నువ్వు జిడ్డు ఉందన్నావే, అప్పుడే తెలిసింది. అప్పటినుంచీ నోరు రావట్లేదు."

"రెండు వైపులా పూశావా?"

"రెండు వైపులా."

బాబాయి వరండాలోకి వెళ్లాడు. ఊడదీసిన పాత ప్యాడ్లు కిటికీ గట్టు మీదే ఉన్నాయి. ఒకటి తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. పిన్ని గుమ్మం దాటి వెళ్లలేకపోయింది.

"ఫోర్కు నూనె వాసన వేరు. మొదటిరోజే వాసన చూసుంటే తెలిసిపోయేది. చూడలేదు. నా తప్పే అని ముందే తీర్మానించేసుకున్నాను," అన్నాడు. తర్వాత గొంతు పెరిగింది. "వద్దన్నానా లేదా? నా బండి ముట్టుకోవద్దని చెప్పానా లేదా? వాడి తల రాయికి తగిలి ఉంటే?"

"అదే అనుకుంటున్నాను రోజూ," అంది పిన్ని.

ఆ మాటతో ఆయన కోపం నిలబడలేదు. ప్యాడ్లు కింద పెట్టాడు. "వాడికి నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"నేనే చెప్తాను."

నన్ను తోడు రమ్మంది. దారి పొడుగునా మాట్లాడలేదు. మాట్లాడే మనిషి మౌనంగా ఉంటే పక్కన నడవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది.

చిన్నబాబాయి మంచం మీద ఆనుకుని ఉన్నాడు. ఆయన భార్య ఎడమ చేతికి చెంచా అందిస్తోంది. వాళ్లు కూర్చోమన్నా పిన్ని కూర్చోలేదు. నిలబడే అంతా చెప్పింది, ఎక్కడా తగ్గించకుండా, తెలియక చేశానన్న మాట కూడా వాడకుండా. "నీ చెయ్యి విరగ్గొట్టింది నేను. మీ అన్నయ్య కాదు," అంది చివర.



"అక్కా, నువ్వొక్కదానివే మొయ్యకు. తిలాపాపం తలా పిడికెడు. ఈ మనిషి రోజూ ఆ బండి పాటే పాడుతుంటే, వెళ్లి ఎక్కిరా, గోల వదిలిపోతుందని పంపింది నేనే," అంది చిన్నబాబాయి భార్య.

పిన్ని నవ్వలేదు. చిన్నబాబాయి కూడా నవ్వలేదు. ఆయన తన కట్టు వైపు చూసుకుంటున్నాడు.

"ఎముకదేముంది వదినా, అతుక్కుంటుంది. ఆసుపత్రిలో అంతమంది ముందు అన్నయ్యను ఎంత మాటన్నాను," అన్నాడు. "నిజంగా వ్యాను మానేస్తానన్నాడా?"

"రేపు తాళాలు ఇచ్చేస్తానన్నాడు."

ఆయన చెంచా పక్కన పడేసి లేచాడు. "చొక్కా ఇలా ఇవ్వు," అన్నాడు భార్యతో. ఒక చెయ్యి తొడిగి, రెండో వైపు కట్టు మీదుగా కప్పి, ఆమె గుండీలు పెడుతుంటే తొందరలో నిలవలేకపోయాడు. నలుగురం కలిసి తిరిగొచ్చాం.

బాబాయి ఇంటి ముందు వ్యాను పక్కన నిలబడి ఉన్నాడు. తమ్ముణ్ని చూసి ఎదురొచ్చాడు గానీ, దగ్గరికి వచ్చాక ఏం చెయ్యాలో తెలియక ఆగిపోయాడు. చిన్నబాబాయి నేల చూస్తున్నాడు. క్షమించమన్న మాట మా ఇళ్లలో మగవాళ్ల నోట నేనెప్పుడూ వినలేదు. ఆ రోజూ వినలేదు.

"రేపు కట్టు చూపించుకోడానికి ఆసుపత్రికి వెళ్లాలి," అన్నాడు చిన్నబాబాయి. "నీ వ్యానులో తీసుకెళ్తావా?"

బాబాయి జేబులోంచి తాళాలు తీసి అరచేతిలో చూసుకున్నాడు.

"పిల్లల్ని బడి దగ్గర దింపేసి వస్తాను. తయారుగా ఉండు," అన్నాడు.

తోడికోడలు నవ్వుతూ పిన్నిని లోపలికి లాగబోయింది. పిన్ని కదల్లేదు. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని గేటు బయటే, వాళ్లిద్దరికీ కాస్త ఎడంగా నిలబడిపోయింది.