అత్త సెల్లులో వరస

పోయిన నెలలో మా మేనత్త చనిపోయింది. తెల్లవారగానే ఆమె కొడుకు ఫోన్ చేసి, "అమ్మ లేదొదినా" అన్నాడు. సరే అని పెట్టేసి, పొయ్యి మీది పాలు దించి, తిరుపతి బస్టాండుకు వెళ్ళాను. బంగారుపాళ్యం చేరేదాకా ఏమాలోచించావని ఎవరైనా అడిగితే చెప్పలేను. ఏమీ ఆలోచించలేదు.

అత్తకు చదువు రాదు. ఆమె సెల్లులో తెలుగు అక్షరాలూ లేవు. అందుకని పేర్లన్నీ నేనే ఎక్కించి, వరస మారకుండా ఒక్కోదాని ముందు ఏ, బీ, సీ అని పెట్టాను. మొదట కొడుకు. తర్వాత ఆమె తమ్ముడు, అంటే మా నాయన. ఆ తర్వాత నేను, నా కింద మిగతా చుట్టాలు. "అబ్బోడు, తమ్ముడు, పాప" అని గొణుక్కుంటూ మీట నొక్కుకుంటూ పోయి, కావలసిన మనిషి దగ్గర ఆగేది.

ఒకసారి కొడుకు తన స్నేహితుడెవరి నంబరో పైన ఎక్కించాడు. అందరూ ఒక చోటు కిందికి జరిగారు. అత్త నాకనుకుని నొక్కితే మా నాయనకు మోగింది. అవతలివాళ్ళు హలో అనేదాకా ఆగే మనిషి కాదు. "పాపా, నాకు మళ్ళా సుగరెక్కిండాది. మీ నాయనకు మాత్రం సెప్పొద్దు, కంగారు పడతాడు" అంది. మా నాయన అంతా విని, "సరే, సెప్పన్లేక్కా" అన్నాడట. ఆ తర్వాత నేను కనబడితే చాలు, "నా వరస సెడగొట్టింది ఎవురు?" అని తగులుకునేది. నేనేం చేశానో నాకైతే తెలియదు.

నాయన పోయినాక ఆయన నంబరు తీసేద్దామని సెల్లు చేతిలోకి తీసుకున్నాను. లాక్కుంది.

"బంతిలో అన్నానికి కూసున్నోణ్ణి లేపుతారా యాడన్నా? ఉండనీ."

తీసేస్తే మళ్ళీ వరస మారి తికమకపడుతుందని కాబోలు అనుకున్నాను. రోజూ సాయంత్రం నాకు చేసేది. తిన్నావా, పిల్లోళ్ళు తిన్నారా, అంతే, పెట్టేసేది. నాయన లేని ఆ ఏడాది నేను మనిషిలా తిరిగానంటే ఆ పిలుపు వల్లే.

నేను వెళ్ళేసరికి అత్తను వసారాలో పడుకోబెట్టారు. అత్త కొడుకు, నాకు మరిది, ఆమె సెల్లు నా చేతిలో పెట్టి, "వరస నీకే తెలుసు గదొదినా. మధ్యాన్నం ఎత్తేలోపల అందురికీ సెప్పాల" అన్నాడు. నా పేరు కింద ఉన్నవాళ్ళతో మొదలుపెట్టాను. అందరికీ ఒకటే మాట. గొంతు ఎక్కడా వణకలేదు. కంట్లో తడి లేదు. ఇంత ప్రేమ తిని రాయినైపోయానా అని నాకే భయం వేసింది.

చివరిదాకా చెప్పి మళ్ళీ పైకి వచ్చాను. నాయన పేరు కనబడింది. అక్క పోతే తమ్ముడికి చెప్పకుండా ఎలా అనిపించింది. నంబరు వాడుకలో లేదంటారులే అని నొక్కాను.

మోగింది. ఎవరో మగమనిషి ఎత్తాడు.

"ఏమక్కా, ఈ పొద్దు మధ్యాన్నమే సేస్తాండావు? మాత్తర ఏసుకున్న్యావా?"

ఎవరు మీరని అడిగాను. తడబడ్డాడు. పూతలపట్టులో టీ అంగడి పెట్టుకున్నాడట. కొత్తగా సిమ్ము కొంటే ఈ నంబరు వచ్చిందట.

"మొదట్లో రాంగ్ నంబరని సెప్పినానమ్మా. 'తెలుసులేప్పా, ఎవురో ఒకరు ఎత్తినారు గదా. అన్నం తిన్న్యావా?' అనింది. అప్పట్నించీ సేస్తానే ఉండాది. ఆయమ్మ బాగుండాదా?"

పొద్దుటి నుంచి చెబుతున్న అదే మాట చెప్పబోయాను. సగంలోనే ఏడ్చేశాను. అయినా ఆయనకు అర్థమైంది. "నేనొచ్చేదాకా ఎత్తొద్దని సెప్పమ్మా. బండేసుకోని వస్తా" అన్నాడు.

బయటికి వచ్చి, కాసేపు ఆగమన్నాను.

"ఎవురి కోసరం?" అన్నాడు మరిది.

"మీ మామ వస్తున్నాడు" అన్నాను, ఏడుస్తూ.

పాడె కడుతున్నవాళ్ళు చేతులు ఆపి రోడ్డు వైపు చూశారు.