లేపకండి, మామయ్యా

“పదకొండింటికి లేపమ్మా. పగటి నిద్ర నా మాట వినదు” అని చెప్పి, మామగారు కళ్లజోడు తీసి కిటికీ గట్టు మీద పెట్టి, గోడవైపు తిరిగి పడుకున్నారు. ఇంటిల్లిపాదినీ లేపే మనిషి తనను లేపమని అడిగితే కోడలికి ఎప్పుడూ నవ్వొచ్చేది. ఆ రోజు మాత్రం నవ్వలేదు. ఆయనకు చెప్పాల్సిన మాట ఒకటి నాలుక చివర ఉంది. లేపేటప్పుడు చెబుదాంలే అనుకుని పొయ్యి దగ్గరికి వెళ్లింది.

ఆయన దూరప్రాంతాలకు బస్సు నడిపి రిటైరైన మనిషి. నిద్రను డీజిల్‌లా చూసేవారు. ట్యాంకు నింపుకోకుండా బండి తీయకూడదనేవారు. రాత్రి ఇషా నమాజు చదవగానే, ఇంట్లో ఎంతటి చుట్టాలున్నా సరే, “మీరు మాట్లాడుకుంటూ ఉండండి, మిగతాది తెల్లారి వింటాను” అని లేచిపోయేవారు. తెల్లవారుజామున ఫజర్ నమాజుకి అందరికంటే ముందు లేచి, మసీదు నుంచి వచ్చి, ఆ పనీ ఈ పనీ చూసుకుని, మధ్యాహ్నం లోపు ఒక కునుకు తీసేవారు. డిపోలో ఆయనకు కోడిపుంజు అని పేరు. కొడుకు పెళ్లయిన కొత్తలోనే భార్యకు చెప్పేశాడు: “మా నాన్న కూయందే ఈ ఇంట్లో తెల్లారదు. అలవాటు చేసుకో.”

అజాన్ మొదలవగానే తలుపు మీద వేలి కణుపులతో మెల్లగా తట్టేవారు. “అమ్మాయ్, లే. మీ ఆయన్ని కూడా లేపు. వాడికి నా చప్పుడు జోలపాట.” ఆమె లేచేది. ఫజర్ తప్పేది కాదు.

తర్వాత ఆసుపత్రి దుప్పట్లు ఉతికే కార్ఖానాలో ఆమెకు పని దొరికింది. రెండో షిఫ్టు. సెగలు కక్కే దుప్పట్లు మడతపెట్టి మడతపెట్టి, ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి దాటేది. ఇలా కన్ను మూసిందో లేదో, అలా తలుపు చప్పుడు. చలికాలంలో ఒకనాడు విసురుగా తలుపు తీసి, “మామయ్యా, మీరు పెందలాడే పడుకుంటారు, మీకేం. నేనిప్పుడే కదా పడుకుంది. ఇక నన్ను లేపకండి. లేచాకే నమాజు చదువుకుంటాను” అంది.

మంచం మీంచి భర్త, “పుంజు గొంతు నొక్కేశావే” అని గొణిగి అటు తిరిగాడు.

ఆయన “సరేనమ్మా” అన్నారు. అంతే.

మర్నాటి నుంచి చప్పుడు లేదు. మొదట్లో ఒళ్లెరగని నిద్ర పట్టింది. తర్వాత ఏమైందో, అజాన్ వేళకు కళ్లు వాటంతటవే తెరుచుకునేవి. చీకట్లో చెవులు రిక్కించి పడుకునేది. దగ్గు వినబడదు. వాకిట్లో అడుగుల అలికిడి ఉండదు. ఇదివరకు వీధి చివరిదాకా గొంతు సవరించుకుంటూ వెళ్లే మనిషి ఇప్పుడు ఎప్పుడు వెళ్తున్నారో కూడా తెలిసేది కాదు. నా మీద కోపం వచ్చిందన్నమాట అనుకుంది. లేపొద్దన్నది తనే. అయినా ఒక్కసారి తలుపు తట్టి చూడొచ్చు కదా అని అలక. తడితే లేద్దామని దుప్పటి కింద మేలుకునే ఎదురుచూసి, ఎన్ని ఫజర్లు చేజార్చుకుందో. లేచి ముఖం, కాళ్లూ చేతులూ కడిగి వుజూ చేసుకుని రెండు రకాతుల నమాజు చదవడానికి ఎవరి పిలుపూ అక్కర్లేదని ఆమెకు తెలుసు. తెలిసీ లేచేది కాదు.

పగలు ఆయన మామూలుగానే ఉండేవారు. “నిద్ర సరిపోతోందా అమ్మాయ్” అని అడిగేవారు. ఆమెకది ఎత్తిపొడుపులా తోచేది. “ఆ, బాగానే” అని ముక్తసరిగా అనేసి వెళ్లిపోయేది.

ఆఖరికి సూపర్‌వైజర్‌ను బతిమాలి పగటి షిఫ్టుకు మారింది. ఆ వారం దాటితే ఇక రాత్రి అందరితోపాటే పడుకోవచ్చు. ఆ రోజు నాలుక చివర ఉన్న మాట అదే. “మామయ్యా, ఇక లేపండి.”

పదకొండింటికి చేయి తుడుచుకుంటూ వెళ్లి పిలిచింది. పలకలేదు. పగటి నిద్ర కదా అని భుజం మీద చెయ్యి వేసింది. భుజం చల్లగా తగిలింది.

జనాజా నమాజు, ఖననం అయ్యాక పలకరించడానికి వచ్చినవాళ్లలో వీధి మలుపులోని టీ కొట్టతను ఉన్నాడు. అందరికంటే ముందు పొయ్యి వెలిగించే మనిషి. భర్త పక్కన కూర్చుని అన్నాడు: “పెద్దాయన ఫజర్‌కి వెళ్తూ రోజూ నా బల్ల మీద కూర్చుని చెప్పులు వేసుకునేవారన్నా. ఆ మంచులో ఉత్త కాళ్లతో, చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చేవారు. కొత్తవా, అరిగిపోతాయనా అని ఎగతాళి కూడా చేశాను.”

“ఎందుకలా?” ఆమె గుమ్మంలోంచి అడిగింది.

“మీ వాకిట్లో కంకర కదమ్మా. చెప్పులతో నడిస్తే కరకరమంటుందట. కోడలి కిటికీ పక్కనుంచే దారి, అమ్మాయి అప్పుడే పడుకుని ఉంటుంది అనేవారు. దగ్గొచ్చినా నా కొట్టు దాకా బిగబట్టుకుని వచ్చి, అక్కడ దగ్గేవారు.”