పని ముగిసేదాకా ఆగమన్న ఆపా

ఆపా పోయారని శుక్రవారం పొద్దున వాళ్లమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. రావిర్యాల దగ్గర నేను పనిచేసే కంపెనీలో ఆమె మా టీమ్ లీడర్. మేడం అంటే పలికేవారు కాదు. అందరికీ ఆపా, అంటే అక్క.

నేను చేరిన కొత్తలో, ఆస్పత్రుల్లో రోగి గుండె వేగం చూపే యంత్రానికి సాఫ్ట్‌వేర్ తయారవుతోంది. సెన్సర్ నుంచి సంకేతం రాగానే ఒక థ్రెడ్, అంటే ప్రోగ్రామ్‌లో విడిగా నడిచే చిన్న భాగం, లేచి, ఆ అంకెను మెమరీలో రాస్తుంది. సెన్సర్ తీసేస్తే ఆ థ్రెడ్‌ను ఆపాలి. అక్కడే యంత్రం ఒక్కోసారి బిగుసుకుపోయేది. థ్రెడ్ ఇంకా రాస్తుండగానే మా కోడ్ ఆ మెమరీని లాగేసుకుంటోంది.

"థ్రెడ్‌ను బలవంతంగా ఆపేయండి. ఈరోజే పంపించాలండీ" అన్నారు మేనేజర్.

"పంపను సార్" అన్నారు ఆపా, గొంతు పెంచకుండా. "నడుమల ఆపితే అంకె సగం పాతది, సగం కొత్తది మిగుల్తది. దవాఖానల దాన్నే నమ్మి మందిస్తరు."

మేనేజర్ బయటికి వెళ్లిపోయారు. ఆపా తన డబ్బాలోని ఖట్టీదాల్ అన్నం నా ముందుకు జరిపి, "జర తిను. ఇగ మెల్లగ చూద్దాం" అన్నారు.

ముందు కొత్త సంకేతాలు రాకుండా సెన్సర్ నోరు మూయించాం. థ్రెడ్ పని ముగిసేదాకా ఆగి, తర్వాతే మెమరీ వదిలేలా వరుస మార్చాం. అయినా యంత్రం కదల్లేదు. ఆపా స్క్రీన్ మీదికి వంగి చూసి నవ్వారు.

"ఏంది బిడ్డా గిట్ల? అది రాయాల్నంటే తాళం కావాలె. ఆ తాళం మనమే పట్టుకొని, అది ఎప్పుడు ముగిస్తదని కూసున్నం. ముందు తాళం ఇడువు."

మెమరీలో ఒకేసారి ఒక్కరే రాసేలా పెట్టిన ఆ లాక్‌ను మా కోడ్ వదిలాక, ఎన్నిసార్లు సెన్సర్ పీకినా యంత్రం తొణకలేదు. మర్నాడు మేనేజర్ వచ్చి, "మీరు పట్టుబట్టకపోతే పంపేసేవాణ్ణండీ" అన్నారు. ఆపా ఆయనకు కుర్చీ చూపించి, చాయ్ తెప్పించారు. ఆ సంగతి మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు.

కొన్నేళ్లకు ఆపాకు జబ్బు చేసి, అది ముదిరాక, విమానాశ్రయం దగ్గర మామిడిపల్లిలో వాళ్లింటికి వెళ్లాను. నొప్పి గురించి అడిగితే మాట మార్చి, నా దగ్గర కొత్తగా చేరిన అమ్మాయి గురించి అడిగారు. చాలా భయపడుతోందని చెప్పాను.

"పక్కన కూసో. ఏం చెప్పకు, ఊకె కూసో. భయం అదే పోతది."

వద్దంటున్నా గేటు దాకా వచ్చారు. ఆటో మలుపు తిరిగేటప్పుడు వెనక్కి చూశాను. ఒక చేత్తో గేటు పట్టుకుని, రెండో చేత్తో గాలికి జారుతున్న దుపట్టా సర్దుకుంటూ, దిగుతున్న విమానం చప్పుడులో నాకు వినపడదని తెలిసీ, ఏదో చెబుతూనే ఉన్నారు.